విలాసములోని చుక్క

ఈ-మెయిలు విలాసమునందు పేరు నడుమనుండు చుక్కతో పనియున్నదా లేదా యను వాదము సంఘపు కార్యాలయములలో తఱచుగా వినవచ్చుచున్నది. చుక్క యెచటనున్నను ఉత్తరము చేరునని యొకరును, చుక్క తప్పిన ఉత్తరమే తప్పునని యింకొకరును పట్టుబట్టుదురు. ఇరువురును తమ యనుభవమునే చెప్పుచున్నారు. చిక్కేమన, వారి పెట్టెలు వేర్వేరు కంపెనీలవి.

2004వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీని గూగుల్ వారు ప్రారంభించిన జీమెయిలునందు చుక్కకు విలువలేదు. కె.వి.సుబ్బారావు అని వ్రాసినను, చుక్కలు విడిచి కెవిసుబ్బారావు అని వ్రాసినను (ఇంగ్లీషు అక్షరములలోనే యనుకొనుడు) ఉత్తరము ఒక్క పెట్టెలోనే పడును; ఒకరికిచ్చిన పేరును చుక్క మార్చి వేరొకరికీయరు. ప్రోటాన్ మెయిలువారు చుక్కనేగాక అడ్డగీతను, అడుగుగీతను సైతము పాటింపరు. ఔట్‌లుక్, యాహూలయందన్ననో చుక్క యక్షరముతో సమానము. సర్వే నంబరు 45/2నకును 452నకును ఎంత భేదమో అంత భేదము. అంతకన్న విచిత్రమేమన, అదే గూగుల్ వారు కంపెనీలకును పాఠశాలలకును వాని సొంత డొమైను పేరిట నడపు పెట్టెలలో చుక్క లెక్కకు వచ్చును.

ఇట్లు తలకొక రీతిగానుండుటకు కారణము కలదు. 2008లో వెలువడిన 5321వ సంఖ్యగల ఇంటర్నెట్ నిబంధన ప్రకారము, మనవారు ‘ఎట్ ది రేట్’ అని పిలుచు గుర్తునకు ముందున్న భాగమునకు అర్థము చెప్పు అధికారము ఆ పెట్టె నడపువారిదే.

జీమెయిలు పద్ధతియే మనవంటివారికి మేలని మా యభిప్రాయము. ఇంటిపేరును పొడి అక్షరములుగాజేసి చుక్కలు పెట్టుట తెలుగువారికి అలవాటు. ఒక్క ఊరిలోనే ఆ పేరివారు నలుగురుందురు. చుక్కకు విలువనిచ్చు చోట, ఒకరి పంట బీమా కాగితముగాని అప్పు లెక్కగాని వేరొక సుబ్బారావుగారి పెట్టెకు పోవచ్చును. ఆయన చూచి ఊరకున్నచో మనకు తెలియనుగూడ తెలియదు. ఏఁడు, ఏడు అను మాటలలో అరసున్న జాఱినను మనము సందర్భమునుబట్టి గ్రహింతుము. యంత్రమునకు సందర్భము తెలియదు.

అయినను ఈ పద్ధతికిని ఒక లొసుగున్నది. పెట్టె నడపువారికి ఒకటిగానున్న విలాసము ఇతర సంస్థల లెక్కలో రెండగును. 2018లో ఒక ప్రోగ్రామరునకు, చందా చెల్లింపునకై కార్డు వివరములు సరిచేయుడని నెట్‌ఫ్లిక్స్ నుండి ఉత్తరము వచ్చెను. తీరా చూడగా ఆ ఖాతా ఆయనది కాదు. ఎవరో ఆయన జీమెయిలు పేరునే చుక్క మార్చి యిచ్చి తెఱచినది! చూచుకొనక కార్డు సంఖ్య వ్రాసియున్న, పరుని చందా ఆయన నెత్తిన పడియుండును. మన సంఘపు కంప్యూటరులోను ఒకే సభ్యుడు ఇట్లు రెండు వరుసలలో నెక్కవచ్చును.

కావున గుమాస్తాలు సభ్యుడు చెప్పిన విలాసమును చెప్పినట్లే, చుక్కతో సహా, వ్రాయవలెను. అందమునకై చుక్క చేర్చుటయు, అనవసరమని తీయుటయు కూడదు. రిజిస్టరులోనికి ఎక్కించుటకు ముందొక ఉత్తరము పంపి, సభ్యుని యెదుటనే ఆయన ఫోనులో తెఱపించి చూడవలెను. ఇందులకు రెండు నిమిషములు పట్టును, సభ్యులు విసుగుకొనకుందురుగాక.