పెన్ను కొన్నవాడు సిరా పోసుకోరాదా?

పల్నాటి పల్లెల్లో ప్రింటరు ఇప్పుడు వింత వస్తువు కాదు. 2020లో కరోనా వల్ల బళ్ళు మూతపడి పాఠాలు సెల్‌ఫోన్లలోకి వచ్చినప్పుడు, పిల్లల చదువు పాడవుతుందని అప్పోసప్పో చేసి చిన్న ఇంక్‌జెట్ ప్రింటరు కొన్న కుటుంబాలు ఉన్నాయి. తర్వాత హాల్‌టిక్కెట్లకూ, పంట రుణానికి బ్యాంకులో అడిగే 1-బి, అడంగల్ నకళ్ళకూ అదే అక్కరకు వచ్చింది. ఒక్క కాగితం కోసం సత్తెనపల్లికో, నరసరావుపేటకో బస్సెక్కే పని తప్పింది. కాగా అలా కొన్న ప్రింటర్లు కొన్ని నేడు పాత తువ్వాలు కప్పుకొని అలమర మీద కూర్చున్నాయి. యంత్రం చెడిపోయి కాదు, సిరా అయిపోయి.

సిరా కొనడమంటే సామాన్యుడికి ప్రింటరు కొన్నంత పని అవుతోంది. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే హెచ్‌పీ 803 రకం చిన్న నల్ల కార్ట్రిడ్జి సుమారు 190 పేజీలు అచ్చు వేస్తుందని కంపెనీ చెప్పే లెక్క. ఆ లెక్కయినా పేజీలో నూటికి ఐదు వంతుల మేర మాత్రమే సిరా పడితేనే. ఫోటోలు, ముగ్గులు, పిల్లల ప్రాజెక్టు బొమ్మలు వేస్తే అందులో సగం కూడా రావు. కార్ట్రిడ్జి తొమ్మిది వందల రూపాయలు అనుకుంటే పేజీకి నాలుగు రూపాయల డెబ్భై పైసలు పైనే, కాగితం ఖర్చు కాకుండా. పావలా కోడికి ముప్పావలా మసాలా అని ఊరికే అనలేదు.

రెండు మూడు వందలు పెడితే బజారులో 100 మిల్లీలీటర్ల నల్ల సిరా సీసా దొరుకుతుంది. విడతకు ఐదు మిల్లీలీటర్ల చొప్పున పోసినా ఇరవై సార్లకు వస్తుంది. ఒకే కార్ట్రిడ్జి అన్నిసార్లు నిలవదన్న మాట నిజమే. నాలుగు సార్లు నిలిచినా రైతు ఇంట్లో మిగిలేది తక్కువ సొమ్ము కాదు. అయినా చాలామంది జంకుతున్నారు. ఇంట్లో సిరా పోస్తే ప్రింటరు పాడవుతుందని కొందరు, అది దొంగ పని అని మరికొందరు అనుకుంటున్నారు. అంగట్లో వాళ్ళు కూడా కొత్తది అమ్మడానికి వీలుగా ఆ భయాన్ని పెంచుతున్నారే గాని తీర్చడం లేదు.

ఒక తరం వెనక్కి వెళితే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. 1930లలో గాంధీజీ మెప్పు పొందిన రాజమండ్రి రత్నం పెన్నయినా, తిరునాళ్ళలో కొన్న చవక పెన్నయినా, మర తిప్పి డ్రాపరుతో సిరా పోసుకోవడమే. సిరా బిళ్ళలు నీళ్ళలో కలుపుకొని పదో తరగతి గట్టెక్కినవారు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. పెన్ను అమ్మినవాడి దగ్గరే సిరా కొనాలని ఎవరూ శాసించలేదు. పొయ్యి కొన్నవాడిని ఫలానా అడితి కట్టెలే పెట్టమనడం ఎంత న్యాయమో ఇదీ అంతే.

భయంలో కొంత నిజం లేకపోలేదు. అది తెలియాలంటే కార్ట్రిడ్జి లోపల జరిగేది తెలియాలి. చిన్న ప్రింటర్ల కార్ట్రిడ్జిలో ఒక స్పాంజి, దాని నిండా సిరా, అడుగున కంటికి ఆనని రంధ్రాలు ఉంటాయి. ప్రతి రంధ్రం దగ్గరా ఆవగింజలో వెయ్యో వంతైనా లేని ఒక పొయ్యి. కరెంటు తగలగానే అది సిరాను క్షణంలో కాచి బుడగ పుట్టిస్తుంది, ఆ బుడగ చుక్కను కాగితం మీదికి తోస్తుంది. 1977లో జపానులో కేనన్ కంపెనీ పరిశోధనశాలలో సిరా నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ కడ్డీ పొరపాటున తగిలి సిరా చిమ్మిందట. ఈ కిటుకు అక్కడే దొరికిందని ఆ కంపెనీయే చెప్పుకుంటుంది. సిరంజితో మొదలైన విద్యకు ఇవాళ సిరంజి పనికిరాదని చెప్పడం చిత్రమే!

నీళ్ళు లేని కుండను పొయ్యి మీద పెడితే పగిలినట్టే, సిరా లేకుండా అచ్చు వేస్తూ పోతే ఆ చిన్న పొయ్యిలు కాలిపోతాయి. చాలామంది చేసే తప్పు ఇదే. అక్షరాలు పూర్తిగా మాయమయ్యేదాకా వాడి, ఆ పైన నెల రోజులు అలాగే వదిలేసి, అప్పుడు సిరా పోసి, పడలేదని విసుక్కుంటారు. గీతలు వెలసిపోవడం మొదలవగానే పోయాలి. పోసే పద్ధతిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కింద నాలుగు పొరలు పాత పేపరు పరిచి, పైనున్న స్టిక్కరు తీస్తే రంధ్రాలు కనబడతాయి. సూది దింపి, మందు ఎక్కించే నర్సమ్మంత నిదానంగా, చుక్క చుక్కగా వదలాలి. తొందరపడితే స్పాంజిలో గాలి చిక్కుకుంటుంది, ఎక్కువైతే అడుగు నుంచి కారుతుంది. రంధ్రం దగ్గర సిరా కనబడగానే ఆపి, కొంచెం వెనక్కి లాగాలి. స్టిక్కరు తిరిగి అంటించేటప్పుడు గాలి ఆడే దారి మూయరాదు. అడుగు భాగాన్ని మెత్తని కాగితం మీద ఒత్తితే నల్లని గుర్తు నిండుగా పడాలి. పడకపోతే గోరువెచ్చని శుద్ధి నీటిలో తడిపిన గుడ్డపై కాసేపు ఉంచాలి. రాగి రంగు రేకుల మీద సిరా అంటితే తుడవాలి, గోటితో గీకరాదు.

మూడు రంగుల కార్ట్రిడ్జి మరికొంచెం జాగ్రత్త కోరుతుంది. లోపల మూడు గదులు ఉంటాయి, ఏ రంగు ఏ గదిలో ఉందో మోడలును బట్టి మారుతుంది. పక్కింటి కుర్రాడు చెప్పాడని పోయకుండా, ప్రతి రంధ్రంలో ఒక పుల్ల ముంచి రంగు చూసుకోవాలి. రంగుకో సిరంజి విడిగా ఉండాలి. పసుపు గదిలో ఒక్కసారి నీలం పడిందా, ఇక ప్రింటరులో ఆకులన్నీ పచ్చగానే ఉంటాయి, మనుషుల ముఖాలు కూడా! సూదులు పిల్లలకు అందకుండా దాచాలని వేరే చెప్పనక్కరలేదు.

పని అయ్యాక కూడా కంప్యూటరు "సిరా లేదు" అనే అంటుంది. అది కార్ట్రిడ్జిలోకి తొంగిచూసి చెప్పే మాట కాదు, ఇప్పటిదాకా పడ్డ చుక్కల లెక్క. ఈ రకం ప్రింటర్లలో చాలావాటికి ఓకే నొక్కితే పని సాగుతుంది. ఎప్సన్ వంటి వాటిలో తల కార్ట్రిడ్జిలో కాక ప్రింటరులోనే ఉంటుంది గనుక, అక్కడ చెడ్డ సిరా పోస్తే నష్టం పెద్దది.

ఇక దొంగ పని అన్న మాట. ఖాళీ కార్ట్రిడ్జిలో సిరా పోసి, కొత్త పెట్టెలో పెట్టి, అసలు సరుకని అమ్మేవాడు దొంగ. సొంత వస్తువులో సొంత డబ్బుతో కొన్న సిరా పోసుకునేవాడు ఎలా దొంగ అవుతాడు? 2017లో అమెరికా సుప్రీంకోర్టు లేజర్ ప్రింటర్ల కార్ట్రిడ్జిలకు సంబంధించి లెక్స్‌మార్క్ కంపెనీ కేసులో, ఒకసారి అమ్మేశాక పేటెంటు పేరు చెప్పి ఆ వస్తువు మీద పెత్తనం చేయడం కుదరదని తీర్పు చెప్పింది. అయితే చట్టంతో ఆపలేనిది చిప్పుతో ఆపవచ్చునని కంపెనీలు గ్రహించాయి. 2016 సెప్టెంబరులో కొన్ని హెచ్‌పీ ప్రింటర్లు ఇతర చిప్పులున్న కార్ట్రిడ్జిలను ఉన్నట్టుండి తిరస్కరించాయి. గోల లేవడంతో కంపెనీ సంజాయిషీ చెప్పి, ఆ అడ్డు తీసే సాఫ్ట్‌వేరు ఇవ్వవలసి వచ్చింది. ఇలాంటి అడ్డులున్న సంగతి కొనేవారికి సరిగా చెప్పలేదని 2020లో ఇటలీ ప్రభుత్వ సంస్థ కోటి యూరోల జరిమానా వేసింది. మరోవైపు ఇండోనేషియాలో జనం సొంతంగా ప్రింటర్లకు సిరా డబ్బాలు తగిలించుకుంటున్నారని చూసి, 2010లో ఎప్సన్ తానే ట్యాంకు ప్రింటరును అక్కడ విడుదల చేసింది. ఇంటింటి సిరంజిలు కంపెనీ చేత పని చేయించాయన్నమాట. కొత్తగా కొనేవారు కాస్త ఎక్కువ పెట్టి ట్యాంకు రకం కొనడమే మేలు. చిన్నది కొనేసినవారి గతి ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

వారికి కావలసింది నమ్మదగిన సిరా. ప్రింటరు సిరా రెండు రకాలు. ఒకటి నీళ్ళలో కరిగే రంగు, మరొకటి మెత్తని పొడి కలిసినది. మొదటి రకంతో వేసిన 1-బి నకలు చొక్కా జేబులో చెమటకు తడిసినా, దారిలో వాన పడినా చెరిగిపోతుంది. బ్యాంకు బల్ల దగ్గర సర్వే నంబరు కనబడక వెనుదిరిగిన రైతుకు ఆ పది రూపాయల పొదుపు ఒక రోజు కూలి నష్టమవుతుంది. రెండోది తడిని చాలావరకు ఓర్చుకుంటుంది, కాని ఆ రకం కోసం చేయని కార్ట్రిడ్జిలో పోస్తే రంధ్రాలు పూడుకుపోతాయి. సీసా మీద ఏ రకమో రాసి ఉంటే సగం తగాదా తీరుతుంది. పెన్ను సిరా నీళ్ళు కలిపి పోసే ప్రయోగాలైతే ఎవరూ చేయరాదు.

బజారులో అమ్ముతున్న సీసాలు కొన్నింటి మీద రంగు పేరు తప్ప మరేమీ లేదు. ప్యాకేజి సరుకుల మీద తయారుదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర ముద్రించాలని 2011 నిబంధనలు చెబుతున్నాయి. ఎరువుల బస్తాకూ, నూనె ప్యాకెట్టుకూ ఉన్న ఆ తనిఖీ సిరా సీసాకు లేకపోవడం శోచనీయం. తూనికలు కొలతల శాఖ అధికారులు నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ బజార్లలో ఒక పూట తిరిగితే చాలు. వెతకనక్కరలేదు. ఆ సీసాలు జిరాక్సు షాపుల్లో కౌంటరు మీదే, లామినేషను కవర్ల పక్కనే ఉన్నాయి.