కప్లర్లో చిలుము

ఇత్తడి బిందెకి చిలుము పడితే అమ్మ ఏం చేసేది? చింతపండు గుజ్జు రాసి, బూడిదతో నాలుగు రుద్దులు రుద్దేది. బిందె తళతళలాడిపోయేది. అదే చిలుము లారీ వైరింగులో పడితే ఏమవుతుందో నాకు ఈ మధ్యే తెలిసింది, మా బావ పుణ్యమా అని.

బావకి ఒకే ఒక లారీ. ఆకివీడు నుంచి హౌరాకి చేపల లోడు వేస్తుంటాడు. ఐసు కరిగి, చేపల నీళ్లతో కలిసి, దారి పొడుగునా వెనకాల కారుతూనే ఉంటుంది. చేపల లారీ వెనక స్కూటరు మీద వెళ్లినవాళ్లకి ఆ వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒకరోజు రాత్రి రెండు గంటలప్పుడు తుని దాటాక, ముందు గేదెలు అడ్డం వస్తే డ్రైవరు బ్రేకు తొక్కాడట. వెనకొస్తున్న బస్సువాడు హారన్ మోగించుకుంటూ చివరి క్షణంలో పక్కకి కోసేశాడు. బస్సు పక్కన ఆపి, దిగొచ్చి తిట్టిన తిట్లు డ్రైవరు మాకు చెప్పలేదు గానీ, సారాంశం మాత్రం చెప్పాడు. లారీకి వెనక బ్రేకు లైట్లు వెలగలేదు!

తిరిగొచ్చాక బావ బల్బులు మార్పించాడు. మళ్లీ అదే. బ్రేకు స్విచ్చి మార్పించాడు. అదే. ఎవరో చెప్పారని ఫ్లాషర్ కూడా మార్పించాడు. ఒక్కోసారి వెలిగేది, ఒక్కోసారి లేదు. తర్వాతి ట్రిప్పుకి డ్రైవరు అడ్డం తిరిగాడు. "ఇద్దరు ఆడపిల్లల తండ్రిని బాబుగారూ. లైట్లు లేకుండా రాత్రిపూట నేను హైవే ఎక్కను" అన్నాడు. బావకి కోపం వచ్చింది గానీ, ఆ మాటకి బదులు చెప్పలేకపోయాడు. "రేపు బెజవాడ ఆటోనగర్ పోదాం, నువ్వూ రారా" అని నన్నూ బయల్దేరదీశాడు.

ఆటోనగర్లో మేం వెళ్లిన మేస్త్రీ అరవై దాటిన మనిషి. లారీ దగ్గరికి రాకుండానే, కుర్రాణ్ని బ్రేకు తొక్కమని దూరం నుంచి చూశాడు. బ్రేకు లైటు రాలేదు సరికదా, పక్కనున్న ఇండికేటర్ బల్బు మిణుకుమంది. మేస్త్రీ నవ్వి, "బల్బులు ఎన్ని మార్చారు బాబూ?" అని అడిగాడు. "ఇది ఎర్తు బాగోతం" అన్నాడు.

బల్బుకి కరెంటు వెళ్లడానికి ఒక వైరు కావాలి, తిరిగి రావడానికి ఇంకోటి కావాలి. తిరిగొచ్చే పని చాలావరకు లారీ ఛాసిస్ ఇనుమే చేసిపెడుతుంది. దానికే ఎర్తు అంటారు. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, పక్కింటి గోడ దూకినట్టు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటుంది. ఇండికేటర్ మిణుకుమన్నది అందుకేనట. మూడుసార్లు బల్బులు మార్చినవాళ్లెవరూ ఆ మిణుకును పట్టించుకోలేదు.

తర్వాత మీటరు తీశాడు. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు ఇస్తాయి. బ్రేకు తొక్కిపట్టించి, బల్బు హోల్డరు ఎర్తు వైరుకీ ఛాసిస్‌కీ మధ్య పెట్టి చూస్తే 11 వోల్టులు! అక్కడ దాదాపు సున్నా ఉండాలట. "బల్బు తీసేసి చూస్తే కరెంటు నిండుగా ఉన్నట్టే చూపిస్తుంది. అక్కడే అందరూ మోసపోతారు" అన్నాడు. మన కుళాయి లాంటిదే. పైపు పూడుకుపోయినా, కట్టేసి ఉన్నంతసేపూ లోపల ఒత్తిడి బాగానే ఉంటుంది. బిందె పెట్టి తిప్పితేనే కదా సన్నటి ధార తెలిసేది!

బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయించి, లారీ కిందికి దూరాడు. వెనక అడ్డదూలం పక్కన ఒక కప్లర్ వేలాడుతోంది. చుట్టూ నల్లటేపు, టేపు జిగురు ఎండకి కరిగి జారిపోయి, లోపల మాత్రం నీళ్లు పట్టుకుని కూర్చుంది. టేపు విప్పి కప్లర్ ఊడదీస్తే పిన్నుల మీద అదే, పచ్చటి చిలుము. ఒక పిన్ను ముట్టుకోగానే విరిగి చేతిలోకి వచ్చింది.

కుర్రాడు ఉప్పుకాగితం తీశాడు. మేస్త్రీ గద్దించాడు. పిన్ను మీద సన్నటి తగరం పూత ఉంటుంది, గీకితే అది పోయి మళ్లీ నెల తిరక్కుండా చిలుము పడుతుందట. నేను చింతపండు సంగతి ఎత్తాను. "బిందెనైతే కడుగుతారు. దీన్నెవరు కడుగుతారు? ఆ పులుపు లోపలే ఉండి తినేస్తుంది" అన్నాడు. నోరు మూసుకున్నాను.

నేను ఆశ్చర్యపోయింది ఆ తర్వాత. వైరు తొడుగు కోస్తే లోపలి రాగి కూడా నల్లబడి ఉంది. నీళ్లు వైరు లోపల తీగల సందుల్లోంచి పాకాయి. కోసుకుంటూ పోయాడు. జానెడు పోయాక గానీ ఎర్రటి రాగి మెరవలేదు. అక్కడినుంచి కొత్త వైరు అతికించాడు. టంకం ఎందుకు వేయరని అడిగాను. టంకం వేసినచోట వైరు పుల్లలా బిగుసుకుపోతుందట, లారీ కుదుపులకి సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుందట. అందుకని లగ్గు పెట్టి, దానికోసం ఉన్న ప్లయర్‌తోనే నొక్కి, పట్టి లాగి చూసి, లోపల జిగురున్న స్లీవ్ తొడిగి వేడిచేశాడు. కొత్త కప్లర్‌కి ఒక్కో వైరు చుట్టూ చిన్న రబ్బరు సీలు. చివర్లో వైరును కప్లర్ కంటే కిందికి ఒక వంపు తిప్పి ఛాసిస్‌కి కట్టాడు. నీళ్లు కప్లర్లోకి పోకుండా ఆ వంపులోంచి కారిపోవాలి. ఇంత చిన్న తెలివి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదేమని బావ ముఖం పెట్టాడు.

ఈ గొడవ లైట్లతో పోయేది కాదట. 2020లో బీఎస్-6 వచ్చాక లారీల్లో సెన్సార్లు పెరిగిపోయాయి. చాలావాటికి అందేది 5 వోల్టులే. బల్బుకి అరవోల్టు తగ్గితే వెలుగు కాస్త తగ్గుతుందంతే, సెన్సారుకి తగ్గితే లెక్క తప్పి ఇంజను పికప్పే పడిపోవచ్చు. పొగ శుభ్రం చేయడానికి పోసే యూరియా ద్రావణం కారితే అది కూడా కప్లర్లోకి పాకి, తెల్లగా పలుకుకట్టి రాగిని తినేస్తుంది. సర్వీసింగులో ప్రెషర్ పంపు తిన్నగా కప్లర్ల మీదికి కొట్టేవాళ్లనీ, టెస్టు బల్బు సూదితో వైరు పొడిచి కన్నం అలాగే వదిలేసేవాళ్లనీ మేస్త్రీ ఏమన్నాడో ఆదివారం పూట రాయడం బాగుండదు.

బ్యాటరీ వైరు తగిలించి, కుర్రాడు బ్రేకు తొక్కాడు. రెండు వైపులా ఎర్రగా, నిండుగా వెలిగాయి. డ్రైవరు లారీ వెనక్కి యాభై అడుగులు నడిచి వెళ్లి నిలబడ్డాడు. "మళ్లీ తొక్కు" అన్నాడు. "ఇంకోసారి" అన్నాడు. అలా ఆరేడుసార్లు తొక్కించాడు.

మేస్త్రీ సామానుకీ కూలికీ కలిపి 900 రూపాయలు అడిగాడు. బావ అలవాటు కొద్దీ "ఆరొందలు చేసుకో" అనబోయాడు. డ్రైవరు వెనకనుంచి వచ్చి, "ఇచ్చెయ్యండి బాబుగారూ" అన్నాడు.

బావ ఇచ్చేశాడు.