వెలుతురు మందు

మొన్న శనివారం చిత్తూరు వెళ్ళాను. మా మేనత్త కాఫీ యిచ్చి, నేను గ్లాసు కింద పెట్టకముందే కొంగుముడి విప్పి ఒక పత్రిక ముక్క నా చేతిలో పెట్టింది. మెదడులో గడ్డకు వెలుతురు వైద్యమట.

"చదివి చెప్పు నాయనా. వెలుతురు పెడితే కరిగిపోతుందంట గదా? జపానులో చేస్తారంట. మామిడితోట అమ్మితే చాలదా?"

ఆవిడ కొడుకు, అంటే మా బావ, పోయిన యేడు రాయవేలూరులో ఆపరేషను చేయించుకున్నాడు. 1949లో డాక్టర్ జాకబ్ చాందీ అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో దేశంలోకెల్లా మొదటి మెదడు శస్త్రచికిత్స విభాగం తెరిచిన నాటినుంచీ, తలలో కష్టమొస్తే మా వైపు వాళ్ళు పట్టే దారి అది. తిరుపతిలో స్విమ్స్ వచ్చింది 1993లో. బావకు యిప్పుడు స్కానులు అక్కడే. గడ్డ పేరు గ్లయోబ్లాస్టోమా. రాచపుండ్లలో మొండిది. కోసి తీసినా, దాని వేళ్ళు మంచి మెదడులోకి పాకి వుంటాయి.

"అత్తా, చిన్నప్పుడు నా మోకాలిమీద తెల్లమచ్చ వస్తే యేం చేశావు?"

"బావంచాలు నూరి పూసి యెండలో నిలబెట్టినా."

"వుత్త యెండ చాలదా?"

"రెండూ కావల్ల గదా!"

బొబ్బలెక్కి నేను యేడ్చిన సంగతి ఆవిడ మరిచిపోయింది. నేను మరవలేదు. కాని కిటుకంతా ఆ మాటలోనే వుంది. 1900 ప్రాంతంలో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి ఒక రంగు కలిపిన నీళ్ళలో సూక్ష్మజీవుల్ని వుంచి చూశాడు. చీకట్లో బతికినవి వెలుతురులో చచ్చాయి. రంగుమందు వెలుతురును మింగి, ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజనుకు అందిస్తుంది. రెచ్చిపోయిన ఆక్సిజను కణాన్ని కాల్చేస్తుంది.

మెదడు వైద్యులు దీన్ని రెండు విధాల వాడుకుంటున్నారు. ఒకటి, గడ్డను కనిపెట్టడానికి. ఆపరేషనుకు మూడు గంటల ముందు రోగిచేత ఫైవ్-ఎ.ఎల్.ఎ. అనే మందు తాగిస్తారు. గడ్డ కణాల్లో అది పోర్ఫిరిన్‌గా మారి పేరుకుంటుంది. నీలికాంతి వేస్తే యెర్రగా మెరుస్తుంది. 2006లో జర్మనీలో వాల్టర్ స్టుమ్మర్ బృందం ప్రకటించిన లెక్క ప్రకారం, ఈ వెలుగులో కోసినప్పుడు స్కానులో కనిపించే గడ్డ అంతా తీసేయగలిగింది నూటికి 65 మందిలో. మామూలు దీపం కింద 36 మందిలోనే. మందు తాగిన రోగిని ఒకటి రెండు రోజులు యెండ తగలకుండా దాచాలట!

రెండోది, అత్త అడిగిన జపాను వైద్యం. 2013లో ఆ ప్రభుత్వం అనుమతించింది. టలాపోర్ఫిన్ అనే మందును ముందురోజు యెక్కించి, గడ్డ తీశాక మిగిలిన గుంత గోడలమీద యెర్రని లేసరు కాంతి వేస్తారు. ఒక పరీక్షలో లెక్కకు తీసుకున్నది 22 మందిని. ఫలితాలు ఆశ పుట్టించేవే, కాని 22 మందిని చూసి లోకానికంతా చెప్పగలమా?

పత్రిక ముక్కలోది మాత్రం 2022 నాటి లండన్ కబురు. గడ్డ కణాన్ని వెతికి పట్టుకునే చిన్న ప్రోటీనుకు రంగుమందు అంటించి, వెలుతురు వేసి చంపారు. బాగానే వుంది. కాని ఆ రోగులు యెలుకలు. శీర్షిక పెట్టినాయన ఆ ముక్క యెక్కడో చివరి పేరాలో దాచాడు. వాడి తలమీద బావంచాలు నూరాలి!

"అయితే మావాడికి?" అంది అత్త.

వెలుతురు మెదడులో మహా అయితే ఒక సెంటీమీటరు దిగుతుంది. కపాలం తెరిచి వుండగానే వేయాలి. బావకు మళ్ళీ ఆపరేషను చేయవలసి వస్తే అప్పుడు అడగవలసిన సంగతి యిది. అంతవరకు జపాను వెళ్ళినా చేసేదేమీ లేదు. ఇదంతా ఆవిడకు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మధ్యలో బావ లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. యెంత విన్నాడో తెలియదు.

"తోట జోలికి పోవద్దమ్మా. యీసారి కాపు బాగుంది," అన్నాడు.

అత్త కాగితాన్ని మళ్ళీ మడిచి కొంగున ముడేసుకుంది. "గురువారం తిరుపతిలో స్కాను. డాక్టరుగారిని నేనే అడుగుతా. నువ్వు గూడా రా నాయనా," అంది.

వస్తానన్నాను.