కొల్లేట్లో పక్షి ఎక్కడ దిగిందో చూశారా?

ఈ ఫాల్గుణంలో మీ ఫోన్లలో ఆటపాక వీడియోలు బాగానే తిరిగుంటాయి. ఇనప స్టాండ్ల మీద గూడబాతులు, తల్లి ముక్కు సంచిలోకి తల దూర్చి చేప లాక్కునే పిల్లలు, పడవ షికారు, వెనకాల ఓ సినిమా పాట. కింద కామెంట్లన్నీ ఒకటే మాట: "కొల్లేరు మళ్లీ కళకళలాడుతోంది". నేనూ వెళ్లి చూశాను, ఆ పిల్లలు ముచ్చటగానే ఉన్నాయి. కానీ ఆ మాట దగ్గర కాస్త ఆగాలండి.

ఆటపాక అంటే కొల్లేరు మొత్తం కాదు. గట్లేసి, నీళ్లు నిలబెట్టి, ఇనప స్టాండ్లు పాతిన ఒక ముక్క. ఒకప్పుడు ఇవే పక్షులు ఈ చుట్టుపక్కల తాటిచెట్ల మీద గూళ్లు కట్టేవి. ఇప్పుడు ఇనుము మీద కడుతున్నాయంటే అది వాటి తెలివి. పైగా గూడబాతు ఈదుతూ చేపలు పట్టే పక్షి, దానికి లోతు నీళ్లయినా పర్లేదు. దాన్ని చూసి సరస్సు బాగుందనుకోవడమంటే, కూల్‌డ్రింకు షాపు కిటకిటలాడుతోందని ఊళ్లో మంచినీళ్లకి లోటు లేదనుకోవడమే.

చూడాల్సింది మిగతా వాటిని. ఎర్రకాళ్ల కొంగ మోకాలి లోతు నీళ్లలో ముక్కు తెరిచిపెట్టుకుని నడుస్తుంది, చేప తగిలితే టక్కున మూస్తుంది. నత్తగుల్ల కొంగకి నత్తలుండే బురద కావాలి. చలికాలం వచ్చిన సూదితోక బాతులు తల కిందకి ముంచి, అడుగునున్న గింజలు ఏరుకుంటాయి. మార్చి, ఏప్రిల్‌లో వీటి తిరుగు ప్రయాణం. సైబీరియా వైపు దాకా ఎగరాలంటే బయల్దేరే ముందే ఒంట్లో కొవ్వు పట్టాలి. ఆ మేత దొరికేది ఎండకి నీళ్లు వెనక్కి తగ్గి బురద తేలే అంచుల్లో. చేపల చెరువుకి ఆ అంచే ఉండదు, గట్టు దిగితే లోతే. మొన్న బండి మీద ఆ గట్లెంట తిరిగితే చెరువు తర్వాత చెరువు, నీటికాకులు తప్ప ఏమీ లేవు. గట్టు లేని ఓ చిన్న మడుగు దగ్గర మాత్రం పక్షులు సంతలో జనంలా ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి.

కాగితం మీద చూస్తే అంతా భద్రమే. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో పెట్టారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు పేల్చారు. తర్వాత గట్లు మళ్లీ లేచాయి. ఎన్నికలొస్తే చాలు, మూడో కాంటూరుకి కుదిస్తామనే మాట బయటికొస్తుంది. అలా చేస్తే మిగిలేది సగం కూడా కాదు.

"పక్షుల కోసం మనుషుల పొట్ట కొడతారా?" అని మనోళ్లు అడుగుతారు. అడగాల్సిందే. జిరాయితీ రైతుకి పరిహారం ఇవ్వకుండా ఆంక్షలు మాత్రం పెట్టడం అన్యాయం, ఆ గొడవ తేల్చాల్సింది సర్కారే. కానీ పెద్ద చెరువుల లీజు డబ్బు ఎవరి జేబులోకి పోతోందో మీకు నేను చెప్పాలా? వల, దోనె తప్ప ఏమీ లేని కుటుంబానికి గట్టు లేని కొల్లేరే కావాలి, కొంగకీ అదే కావాలి. ఇంకో సంగతి. బుడమేరు, తమ్మిలేరు నీళ్లన్నీ ఇక్కడికే వస్తాయి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచాక ఆ నీళ్లు చేరింది కొల్లేటికే. నీళ్లు పరుచుకోవాల్సిన చోట గట్టుంటే అవి ఊళ్ల మీదకి పోక ఏం చేస్తాయి? పక్షి దిగని చోటు, వరద పట్టని చోటు చాలా మటుకు ఒకటే.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోట వెళ్తే తిరిగొచ్చేటప్పుడు గట్ల మీదుగా రండి. ఏ పక్షి, ఎన్ని, ఏ ఊరి దగ్గర, ఏ తేదీన అన్నది రాసుకోండి. ఇ-బర్డ్ అనే ఉచిత యాప్ ఉంది, అందులో ఎక్కించండి. ఒక్క పిట్టా లేని చెరువు దగ్గర కూడా ఫొటో తీసి, తేదీ వేసి దాచండి. నీటిపక్షుల పెద్ద లెక్క ఏటా జనవరిలోనే జరుగుతుంది, మార్చిలో ఇటు చూసేవాళ్లు తక్కువ. ఎండలు ముదిరితే సూదితోక బాతులు ఉండవు, ఈ రెండు మూడు వారాల్లోనే వెళ్లండి.