దాచిన సూత్రం నిజంగా దాగిందా?

అనకాపల్లి జిల్లా నాతవరంలో ఓ లెక్కల మాస్టారు పదో తరగతికి పరీక్ష పేపరు తయారుచేస్తున్నారనుకుందాం. మండలంలోనే తాండవ జలాశయం ఉంది కాబట్టి లెక్క కూడా తాండవ కాలువ మీదే. వెడల్పు, లోతు, నీటి వేగం ఇచ్చి, గంటలో ఎంత నీరు పారుతుందో కనుక్కోమన్నారు. మూడింటినీ గుణించాలన్న సూత్రం దిద్దేవాళ్ల 'కీ'లో ఉండాలి. పిల్లల పేపర్లో కనిపించకూడదు. అలాగని రెండు ఫైళ్లు పెట్టుకుంటే ఒకదాంట్లో అంకె మార్చి, రెండోదాంట్లో మరిచిపోవడం ఖాయం. మరెలా?

లెక్కల్ని చక్కగా అచ్చువేసే 'లేటెక్'లో దీనికి మార్గాలున్నాయి. తన పుస్తకం ప్రూఫుల్లో అచ్చు తీరు నచ్చక అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ నూత్ 1977లో 'టెక్' అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. దాన్ని వాడటం తేలిక చేస్తూ 1980ల్లో లెస్లీ లాంపోర్ట్ లేటెక్‌ను రూపొందించారు. ఉచితంగానే దొరుకుతుంది. ఇందులో మనం రాసే ఫైలు వేరు, దాన్నుంచి వచ్చే పీడీఎఫ్ వేరు. కిటుకంతా అక్కడే!

ఒక వాక్యం ముందు శాతం గుర్తు పెడితే, అక్కణ్నుంచి ఆ వరుస చివరిదాకా ఉన్నదేదీ అచ్చులోకి రాదు. సూత్రం కనిపించకూడదు, అది పట్టేంత ఖాళీ మాత్రం ఉండాలంటే 'ఫాంటమ్' అనే ఆదేశముంది. ఖాళీలు పూరించే ప్రశ్నలకు సరిగ్గా సరిపోతుంది. పరీక్ష పేపర్ల కోసమే 'ఎగ్జామ్' అనే తయారీ నమూనా కూడా ఉంది. జవాబుల్ని 'సొల్యూషన్' భాగంలో రాసి, ఫైలు మొదట్లో 'ఆన్సర్స్' అన్న మాట చేర్చితే కీ వస్తుంది. ఆ మాట తీసేస్తే ప్రశ్నపత్రం వస్తుంది. ఫైలు మాత్రం ఒక్కటే.

కొందరు మరో చిట్కా వాడుతుంటారు. సూత్రానికి తెల్లరంగు వేసేయడం. కాగితం మీదైతే ఫర్వాలేదు. పీడీఎఫ్‌ను పిల్లల ఫోన్లకు పంపారో... గుట్టు రట్టే! ఆ ఖాళీని వేలితో ఎంచుకుని కాపీ చేస్తే సూత్రం బయటపడుతుంది. ఇలాంటి పొరపాటు పెద్ద పెద్ద లాయర్లకూ తప్పలేదు. 2019 జనవరిలో, ట్రంప్ ఎన్నికల ప్రచారానికి ఒకప్పుడు సారథ్యం వహించిన పాల్ మానఫోర్ట్ తరఫు లాయర్లు కోర్టుకిచ్చిన పత్రంలో రహస్య వాక్యాలపై నల్లపట్టీలు వేశారు. పట్టీ కింద అక్షరాలు అలాగే ఉండటంతో విలేకరులు కాపీ చేసుకుని చదివేశారు.

శాతం గుర్తుకూ ఓ హద్దుంది. అది పీడీఎఫ్‌లో దాస్తుందేగానీ అసలు ఫైల్లో కాదు. ఆ ఫైలును ఎవరికైనా పంపితే అన్నీ పంపినట్టే.

అందుకే పేపరు పంపేముందు ఒక్క నిమిషం ఆగాలి. పీడీఎఫ్ తెరిచి, మొత్తం ఎంచుకుని, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాలి. గజిబిజిగానైనా సూత్రం అక్కడ కనిపించిందంటే... అది దాగనట్టే!