పసుపునకు పొగడ్త చాలునా?

ఇంటి పెద్ద యొకనాడు కన్నకొడుకును జూచి "బాబూ, మీ రెవరు?" అని యడిగినప్పుడు ఆ యింటివారి గుండె లెట్లు పగులునో యనుభవించినవారికే తెలియును. ఇట్టి యిండ్లు మన దేశమున కొలదిగా లేవు. 2023లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశీలననుబట్టి అఱువదియేండ్లు నిండినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి, డిమెన్షియా యనెడి మతిమఱుపు వ్యాధి కలదు. ఈ వ్యాధిలో పెక్కు తెగలను సమూలముగ కుదుర్చు మందు నేటికిని లోకమున నెచ్చటను లేదు. మందు లేనిచోట ఆశ యుండును. ఆశ యున్నచోటికి వ్యాపారి వచ్చును.

ఆ వ్యాపారి నేడు మన పట్టణములకు వచ్చియే యున్నాడు. పసుపు సారమును గుళికలుగ జేసి, సీసాలకు బంగారు రంగు చీటీ లంటించి, మూడు మాటలు చెప్పి యమ్ముచున్నాడు. పసుపు మెదడులోని మంటను చల్లార్చు నన్నది మొదటి మాట. అందువలన పోయిన జ్ఞాపకము మరల వచ్చు నన్నది రెండవ మాట. దీనిని మన ఋషు లేనాడో చెప్పియుండగా పాశ్చాత్యు లిప్పు డొప్పుకొనిరన్నది మూడవ మాట. వీనిలో మొదటిది సగము నిజము. రెండవది రుజువు కాలేదు. మూడవది మన గ్రంథములు తెఱచి చూడనివారి మాట. మన దేశపు ఓషధులయందు గౌరవము లేక మే మిట్లు వ్రాయుటలేదు. ఆ గౌరవ మున్నందుననే వ్రాయుచున్నాము.

ముందు సగము నిజమును విచారింతము. మన మెదడులో మైక్రోగ్లియా యను సూక్ష్మకణములు గలవు. 1919లో స్పెయిను దేశపు పండితుడు పియో డెల్ రియో ఓర్తెగా వీనిని తక్కిన కణములనుండి వేఱుపఱచి పేరు పెట్టెను. ఇవి మెదడునకు తలారుల వంటివి. చొచ్చివచ్చిన క్రిములను మ్రింగుట, చచ్చిన కణముల శేషములను తొలగించుట వీని పని. దొంగ వచ్చినప్పుడు తలారి కేక వేయుట ధర్మమే. దొంగ పోయిన పిమ్మటను రేయింబవళ్లు కేకలు వేయుచు, ఎదురుపడిన వారినెల్ల కొట్టుచుండెనేని ఊరివారి కాతడే దొంగకంటె భయంకరు డగును. ఆల్జైమరు మున్నగు వ్యాధులలో ఈ కణములు కొంతవఱ కట్లే మితిమీరి, తాము కావవలసిన నాడులకే కీడు చేయుచున్నవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన వైద్యులు శోథ మనునది ఇక్కడ కంటి కగపడని వాపుగా నుండి, లోలోపల రగులుచుండును.

ప్రయోగశాలలో చేయున దేమనగా: ఎలుకనుండి తీసి గాజుపళ్లెములో పెంచిన మైక్రోగ్లియాపై, సూక్ష్మజీవుల పైపొరనుండి తీసిన విషద్రవ్యమును చేర్చుదురు. అంత నవి రెచ్చిపోయి తాపకరములైన ద్రవ్యములను, నైట్రిక్ ఆక్సైడును వెడలగ్రక్కును. పసుపులోని కుర్కుమినును ముందుగ చేర్చి యుంచినచో ఆ యుద్రేకము తగ్గును. కణములో తాపకర జన్యువులను మేల్కొలుపు ఎన్.ఎఫ్. కప్పా బి యను ప్రోటీనును కుర్కుమిను అడ్డగించుట దీనికొక కారణమని చెప్పుదురు. పెన్నేరుగడ్డలోని వితానోలైడులు మొదలైన ఇతర మొక్కల ద్రవ్యములును గాజుపళ్లెములో నిట్టి గుణమునే చూపినవి. ఇదంతయు నిజము. కాని గాజుపళ్లెము మనుష్యుడు కాడు. పళ్లెములో మందును తిన్నగా కణముపై పోయుదుము. మనుష్యుడు మ్రింగిన మందు కడుపును, ప్రేగులను, కాలేయమును దాటి, రక్తములో జేరి, పిమ్మట మెదడునకు కావలియున్న నాళముల గోడను దాటవలెను. కుర్కుమినులో హెచ్చుభాగము ఈ ప్రయాణమునందే నశించును.

లెక్క వేసి చూడుడు. పసుపులో కుర్కుమిను నూటికి సుమారు మూడు పాళ్లు. పరిశోధకులు రోగుల కిచ్చినది దినమునకు 1 గ్రాము మొదలు 4 గ్రాములవఱకు. అందులో 2 గ్రాములు కూరలోని పసుపునుండి రావలెనన్న దినమునకు అఱువది గ్రాములకు పైబడి పసుపు తినవలెను. చిటికెడు పసుపు వంటకు అలంకారము, ఆచారమునకు మంగళము. అది మతిమఱుపునకు మందని చెప్పుటకు మాత్రము ఆధారము లేదు.

1998లో బెంగుళూరు సెయింట్ జాన్సు వైద్యకళాశాల పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమినును మనుష్యుల కిచ్చి చూడగా రక్తములో కనబడినది అత్యల్పము. మిరియములలోని పైపరీనును 20 మిల్లీగ్రాములు కలిపి యిచ్చినప్పుడు అది ఇరువది రెట్లాయెను. ఈ యిరువది రెట్లను నేడు ప్రతి సీసాపైనను అచ్చువేయుచున్నారు. దేనికి ఇరువది రెట్లో మాత్రము అచ్చువేయరు. కాసు లేనివానికి దమ్మిడీకి ఇరువది రెట్లిచ్చినను ధనికుడగునా?

ఇక రోగులపై చేసిన పరీక్షల మాట. 2008లో ప్రకటింపబడిన హాంగ్‌కాంగు పరీక్షలో 34 మంది ఆల్జైమరు రోగులలో కొందరికి ఆఱు నెలలు కుర్కుమిను ఇచ్చి చూచిరి. ఉత్తిమందు తిన్నవారికంటె వీరి బుద్ధి మెఱుగుపడలేదు. 2012లో ప్రకటింపబడిన కాలిఫోర్నియా పరీక్షలో 36 మందిలో కొందరికి 24 వారము లిచ్చినను ఫలము కానరాలేదు. 2018లో ప్రకటింపబడిన మఱియొక కాలిఫోర్నియా పరీక్షలో, వ్యాధి యింకను రాని 40 మందిలో కొందరికి, శరీరమున కెక్కునట్లు మార్చిన కుర్కుమినును 18 నెల లిచ్చినప్పుడు జ్ఞాపకశక్తి కొంత మెఱుగుపడినట్లు కనబడెను. ఈ మూడవదానిని దాచిపెట్టుట న్యాయము కాదు గనుక చెప్పుచున్నాము. కాని నలువదిమందితో చేసిన పరీక్ష ఆశకు చాలునుగాని అమ్మకమునకు చాలదు. దానిని వందలమందితో మరల చేసి చూడవలెను.

మూడవ మాట ఋషులను గూర్చినది. చరకసంహిత చికిత్సాస్థానమున మేధ్యరసాయనములని, అనగా బుద్ధిని బలపఱచు ఓషధులని, నాలుగింటిని చెప్పియున్నారు: మండూకపర్ణి రసము, పాలతో అతిమధుర చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము. ఈ నాలుగింటిలో పసుపు లేదు! చరకుడు పసుపును కుష్ఠమును, దురదను, విషమును హరించు గణములలో చేర్చెను. మన అవ్వలు పసుపును మిరియమును పాలలో వేసి యిచ్చినది జలుబునకు, దగ్గునకు. ప్రాచీనులు చెప్పనిదానిని వారి నోట పెట్టి యమ్ముట వారికి చేయు పూజయా, అపచారమా? వారు నిజముగ చెప్పిన మొక్కలనైనను సరిగా ఎఱుగుదుమా? శంఖపుష్పి యని యొకచోట విష్ణుక్రాంతము నిత్తురు. కేరళమున శంఖపుష్ప మన్నది వేఱొక తీగ. బ్రాహ్మి యన్న పేరున నొకచోట మండూకపర్ణిని, ఇంకొకచోట నీటియొడ్డున పెరుగు మఱియొక మొక్కను అమ్ముదురు. మొక్క యేదో తేలనిదే గుణ మెట్లు తేలును?

1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమువారికి, పుండ్లు మాన్పుటకు పసుపును వాడుటపై పేటెంటు లభించినది. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు ముప్పదిరెండు పాత యాధారములను చూపి వాదింపగా, 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. 2001లో మన సాంప్రదాయిక వైద్యవిజ్ఞానమునంతను క్రోడీకరించు పని యారంభమయ్యెను. ఆ గెలుపునకు మేమును గర్వించితిమి, నేటికిని గర్వింతుము. కాని ఆ గెలుపు "ఇది మాది" అని నిలుపుకొనిన గెలుపు. "ఇది రోగికి పనికివచ్చును" అని రుజువు చేసిన గెలుపు కాదు. ఇంటి దస్తావేజు మన పేర నున్నంత మాత్రమున కప్పు కురియక మానునా?

మన యుపేక్షకు సర్పగంధ కథయే సాక్షి. 1931లోనే కలకత్తాలో గణనాథసేను, కార్తీకచంద్రబోసు గారలు ఆ వేరు రక్తపుపోటునకు, ఉన్మాదమునకు పనికివచ్చునని ప్రకటించిరి. అదే యేట ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్ధిఖీగారు దానినుండి అజ్మలీను అను ద్రవ్యమును వేఱుపఱచిరి. లోకమంతయు ఆలకించుటకు మాత్రము 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలుగారు తమ రోగుల ఫలితములను ఆంగ్లేయ వైద్యపత్రికలో ప్రకటింపవలసి వచ్చెను. నడుమ పదునెనిమిది యేండ్లు గడచినవి. 1952లో స్విట్జర్లండు కంపెనీ రసాయనజ్ఞులు ఆ వేరునుండి రెసర్పీనును తీసి ప్రపంచమున కమ్మిరి. వేరు మనది; తుదిపని యొరులది.

చీనావా రేమి చేసిరో చూడుడు. మలేరియాకు మందు వెదకుచు తూ యూయూ అను విదుషి క్రీస్తుశకము నాలుగవ శతాబ్దినాటి వైద్యగ్రంథమును చదివెను. మొక్కను నీట నానబెట్టి పిండవలెనని యందుండుటనుబట్టి, కాచినచో గుణము చెడునేమో యని యూహించి, కాపు తగ్గించి ఈథరుతో సారమును తీసెను. ముందు తానును తన తోడివారును త్రాగి చూచి, పిమ్మట రోగుల కిచ్చెను. 2015లో ఆమెకు నోబెలు బహుమానము వచ్చెను. ఆమె పాతగ్రంథమునకు దండము పెట్టి యూరకుండలేదు. దానిని పరీక్షకు నిలిపెను. మొక్కల వైద్య మంతయు మూఢాచార మని చప్పరించు మన ఆంగ్లవైద్యాభిమానులకును ఈ రెండు కథలే సమాధానము.

"పసుపేగదా, తిన్ననేమి నష్టము?" అని కొంద రందురు. వంటలోని పసుపునుగూర్చి మాకు భయము లేదు. సారము తీసి మిరియపు సత్తు చేర్చిన గుళికల సంగతి వేఱు. 2022లో అమెరికా పరిశోధకులు ఇట్టివానివలన కాలేయము చెడిన పదిమందిని గూర్చి ప్రకటించిరి. అం దైదుగురు ఆసుపత్రిలో చేరిరి, ఒకరు మరణించిరి. పైపరీను ఇతర మందులు శరీరములో కరుగుటను గూడ ఆపును గనుక, మూర్ఛకు ఫెనిటాయిను తినువారి రక్తములో ఆ మందు హెచ్చవచ్చును. మఱియొక ఘోరము: పసుపునకు నిగ్గు తెచ్చుటకై సీసపు క్రోమేటును కలుపు దుర్మార్గులు గలరు. 2024లో ప్రకటింపబడిన పరిశీలనలో పాట్నా పసుపున నది విశేషముగ బయటపడెను. సీసము మెదడునకే విషము! బంగ్లాదేశమువారు 2019లో దీనిని పట్టుకొని, శిక్షలు వేసి, రెండేండ్లలో తమ బజారునుండి తుడిచివేసిరి. మన మేల చేయలేము?

ప్రభుత్వముల యెదుట మేము పెట్టు కోరికలు నాలుగు. మొదటిది: 1954నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టముయొక్క పట్టికలో మెదడు వ్యాధులును గలవు. వానిని కుదుర్తుమని ప్రకటించువారిపై ఆ చట్టమును నడపవలెను. చట్టము పుస్తకములో నిద్రించుటకు పుట్టలేదు. రెండవది: చరకుడు చెప్పిన నాలుగింటిని, పసుపును, పెన్నేరును, మొక్కను నిర్ణయించి, సారము పాళ్లు నిర్ణయించి, వందలకొలది రోగులతో, ఉత్తిమందుతో పోల్చి, వైద్యులును డాక్టర్లును కలిసి యీ దేశముననే పరీక్షింపవలెను. మూడవది: ఫలము మన కిష్టమైనను కాకున్నను ప్రజల భాషలో ప్రకటింపవలెను. నాలుగవది: పసుపు బజారులో సీసమును పట్టు పరీక్షలు నిత్యము జరుగవలెను. ప్రపంచపు పసుపులో నూటికి డెబ్బదియైదు పాళ్లకు మించి పండించునది మన దేశము. నిజామాబాదులో జాతీయ పసుపుమండలి 2025 జనవరిలో వెలసినది. దుగ్గిరాల, నిజామాబాదు రైతు పండించిన కొమ్మునకు నిలుకడయైన వెల రావలెనన్నను నిజమైన పరీక్షయే దారి. బూటకపు ప్రకటనపై పెరిగిన వెల బూటకము బయటపడిన దినమున కూలును. ఆ దెబ్బ తినువాడు వ్యాపారి కాడు, రైతు.

చదువరులారా, మీ యింటి పెద్దకు మతి తప్పుచున్నచో ముందు మంచి వైద్యుని చూపుడు. మతిమఱుపులన్నియు నొక్కటి కావు. బి12 విటమిను కొఱతవలనను, థైరాయిడు లోపమువలనను వచ్చునవి చికిత్సతో తగ్గవచ్చును. గుళికల నమ్మి నెలలు గడపినచో ఆ యవకాశమును పోగొట్టుకొందురు. రక్తపుపోటును, మధుమేహమును అదుపులో నుంచుడు. వినికిడి తగ్గినచో సాధనము తెప్పించుడు. వైద్యు డిచ్చిన మందును మాని గుళికలు మ్రింగింపకుడు. మ్రింగించుచున్నచో ఆ సంగతి వైద్యునికి దాచకుడు.

పసుపు మన గడపకు మంగళము. దాని పేర అబద్ధ మాడినచో ఆ గడపకే అమంగళము. "బాబూ, మీ రెవరు?" అని యడిగిన తండ్రి యెదుట నిలిచిన కొడుకునకు మన దేశము రంగు సీసా నిచ్చునా, నిజమైన సమాధానమును వెదకి యిచ్చునా? వెదకి యిచ్చినదాకా ఈ ప్రశ్నను మేము విడువము.