యోధజాతి కాదన్నది ఎవరి తీర్పు?

“మనది సేద్యం చేసుకునే జాతి, తెలుగువాడికి తుపాకీ అచ్చిరాదు.” బందరు, గుడివాడ, దివిసీమల్లో చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట అనేస్తుంటారు. ఇది చరిత్ర చెప్పిన సంగతి కాదు. తెల్లదొరలు తమ అవసరం కొద్దీ మనకు వేసిన ముద్ర.

1759 ఏప్రిల్ 7 రాత్రి ఈస్టిండియా కంపెనీ కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న బందరు కోట మీద పడ్డాడు. నైరుతి దిక్కంతా ఊబి, అటునుంచి ఎవరూ రాలేరని ఫ్రెంచివాళ్ల ధీమా. కెప్టెన్ నాక్స్ వెంట సిపాయిలు ఆ బురదలోనే దిగబడుతూ వెళ్లి కాల్పులు మొదలుపెట్టారు. కోటలోవాళ్లు అటు తిరగ్గానే అసలు దాడి ఈశాన్య బురుజు మీద జరిగింది. తెల్లారేసరికి, తన బలగమే పెద్దదైనా, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఫోర్డ్ సిపాయిల్లో ఎక్కువమంది బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు, నిజమే. కానీ ఉత్తర సర్కార్లు చేతికొచ్చాక కంపెనీ ఈ తీరానికంటూ ‘సర్కారు బెటాలియన్లు’ నిలిపింది. పనికిరానివాళ్లని తెలిస్తే వ్యాపారి కంపెనీ జీతాలిచ్చి పోషిస్తుందా?

ఆ పటాలాల పేరు ఎక్కువకాలం నిలవలేదు. హైదరాలీతో యుద్ధానికి ఓడెక్కమంటే 1780 అక్టోబరులో విశాఖపట్నంలో వాళ్లు అధికారుల మీదే తుపాకులు ఎక్కుపెట్టారు. 1784లో కొత్త అంకెలిచ్చి పాత పేరు తీసేశారు. తిరగబడటం పిరికితనమైతే, 1824లో బర్మా యుద్ధానికి పోమన్న బారక్‌పూర్ సిపాయిలదీ పిరికితనమే కావాలి. 1857లో ఎదురుతిరిగిన అవధ్ సిపాయిలను కూడా తర్వాత తెల్లదొరలు తాము కట్టిన ‘యోధజాతుల’ లెక్కలోంచి తప్పించారు. ఆ లెక్క ధైర్యాన్ని కాదు, విధేయతను కొలిచింది.

1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాది సిపాయిలో పోరాటపటిమ లేదని తేల్చేశాడు. ఆ అభిప్రాయమే విధానమైంది. నియామకాలు తగ్గాయి, 1920ల్లో మద్రాసు రెజిమెంటునే రద్దు చేశారు. చేర్చుకోకుండా ఉండి, సైన్యంలో మీరెక్కడని అడగడం ఏం న్యాయం? రెండో ప్రపంచయుద్ధం మెడమీదికి రాగానే అదే రెజిమెంటును మళ్లీ లేపారు. అది బర్మాలో పోరాడింది. తరతరాలుగా ఇంటింటా సైనికులున్న మన మిలటరీ మాధవరం ఏ జాతి ఊరు?

కంపెనీ కొలువును కీర్తించమని నేననను. ఆ సిపాయిలు పరాయివాడి జెండా కింద పోరాడారు, అది బాధాకరమే. కానీ వాళ్లు అసలు లేరనడం అబద్ధం. బందరు కోట శిథిలాల దగ్గర, మన పాఠ్యపుస్తకాల్లో ఆ పటాలాల పేరు రాయాలి. రాబర్ట్స్ తీర్పును మన పిల్లలకు మనమే అప్పగించడం ఇకనైనా మానాలి.